క్రోషే అల్లికతో బతుకుదామనుకుంటే: ఏ వస్తువు, ఏ దారి, ఎన్ని గంటలు

మొదటి కుషన్ కవరు 900 రూపాయలకు అమ్ముడుపోయిన రోజు మా ఫ్లోర్ అంతా స్వీట్లు పంచాను. మూడో అంతస్తు ఆవిడ కొన్నారు. ఆ రాత్రి మా ఆయన చిత్తుకాగితం ఒకటి తీసుకుని కూర్చున్నారు. దారం ఎంతైంది? 260. లోపలి గుడ్డ, జిప్పు? 60. ప్యాకింగు? 25. ఎన్ని గంటలు పట్టింది? అక్కడ నా నోరు పడిపోయింది. టీవీ చూస్తూ కొంత, పిల్లాడి ట్యూషన్ బయట కూర్చుని కొంత అల్లాను. ఎవరు లెక్కపెట్టారు?

తర్వాతి కవరుకి ఫోన్లో టైమర్ పెట్టుకున్నాను. 11 గంటలు. ఫోటోలు తీయడం, బేరం, తీసుకెళ్లి ఇచ్చిరావడం ఇంకో గంటన్నర. ఖర్చులు పోగా మిగిలిన 555 రూపాయలని పన్నెండున్నర గంటలతో భాగిస్తే గంటకి 44. మా ఇంట్లో పనికి వచ్చే ఆవిడకి గంట లెక్కన నేనిచ్చేది అంతకంటే ఎక్కువే.

"చేతిలో ఇంత పనితనం ఉంది, బిజినెస్ పెట్టుకోవచ్చు కదా" అని చుట్టాలు అంటుంటే సగం పొంగిపోయి సగం భయపడే వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్‌గా చేసేదాన్ని (అవును, లెక్కల టీచర్నే, నవ్వుకోండి). 21,000 జీతం మానేసి నాలుగేళ్లయింది. నాకు తెలిసింది క్రోషే, అంటే కొంకి సూదితో చేసే దారపు అల్లిక, కాబట్టి అంకెలన్నీ నా పుస్తకంలోంచే ఇస్తున్నాను. మీరు తాళ్ల ముడులతో మాక్రమే అల్లినా, బొంతలు కుట్టినా, కొవ్వొత్తులు పోసినా దారం ఉన్నచోట మీ ముడిసరుకు పెట్టుకోండి.

నన్ను అందరూ అడిగేది "ఇన్‌స్టాలో అమ్మాలా, స్టాల్ పెట్టాలా, అమెజాన్‌లో పెట్టాలా" అని. ఆ ప్రశ్నకి ముందు ఇంకోటి ఉంది. మీరు చేసే వస్తువు ఎన్ని గంటలది? అది తెలియకుండా దారి ఎంచుకుంటే ఎటు వెళ్లినా గంటకి 44 దగ్గరే తేలతాం.

ఖాళీ టైము అనే మాట

మాది పాలకొల్లు. పక్కనే నర్సాపురం. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన లేసు అల్లిక అక్కడి పల్లెల్లో ఇప్పటికీ అరుగుల మీద నడుస్తూనే ఉంది. 2024లో దానికి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది. మా అమ్మమ్మ చేతిలో కొంకి సూది లేని మధ్యాహ్నం నేను చూడలేదు. 1970ల చివర్లో మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త ఆ ఊళ్లలో తిరిగి అధ్యయనం చేసింది. ఆవిడ పట్టుకున్న విషయం ఏమిటంటే, వేల మంది ఆడవాళ్లు రోజూ గంటలకొద్దీ అల్లుతున్నా వాళ్లని పనివాళ్లుగా ఎవరూ లెక్కేయలేదు. ఖాళీ టైములో ఏదో అల్లుకునే గృహిణులు అన్నారంతే. లేసు విదేశాలకి వెళ్లింది, డబ్బు ఎగుమతి చేసినవాళ్ల దగ్గర ఆగింది.

ఇది చరిత్ర కోసం చెప్పడం లేదు. "ఖాళీగా ఉన్నప్పుడు చేస్తున్నదే కదా, ఎంతొస్తే అంత" అని మనం ధర వేసిన ప్రతిసారీ అదే లెక్క తిరిగొస్తుంది. ఈసారి ఎగుమతిదారు కూడా లేడు, మన గంటలు మనమే తినేస్తున్నాం.

ఇంకో మాట. మార్కెట్లో నిజమైన క్రోషే కుట్టు అల్లే మెషీన్ లేదు. స్వెట్టర్ అల్లిక మెషీన్ మీద వస్తుంది, లేసు వస్తుంది, క్రోషేని పోలినవి కూడా వస్తాయి, అచ్చమైన క్రోషే మాత్రం చేత్తోనే. "అదే షాపింగ్ మాల్లో 200కి ఉందండీ" అని కస్టమర్ అన్నప్పుడు ఈ విషయం గుర్తుంచుకోండి. అది క్రోషేలా కనిపించే మెషీన్ సరుకైనా అయ్యుండాలి, లేదా ఎక్కడో ఎవరికో గంటకి పది రూపాయలు గిట్టిన పనైనా అయ్యుండాలి. ఆ ధరతో పోటీ పడకండి.

ముందు వస్తువు తేల్చుకోండి

ఇవి నా అంకెలు. అల్లిక గంటలు మాత్రమే, అమ్మే గంటలు తర్వాత కలుపుదాం.

నిండా క్రోషేతో అల్లిన టేబుల్ రన్నర్ (బల్ల మధ్యలో పొడవుగా పరిచేది): 25 గంటలు, ముడిసరుకు 500, అమ్మింది 2,200కి. గంటకి 68. అందరూ "అబ్బ ఎంత బావుందో" అనేది దీన్నే. నేను ఎక్కువ నష్టపోయేదీ దీని మీదే.

కప్పుల కింద పెట్టే ఆరు కోస్టర్ల సెట్టు: ఒక్కోటి 25 నిమిషాలు, మొత్తం రెండున్నర గంటలు. దారం 75, ప్యాకింగ్ 20, ధర 450. గంటకి 142.

గుమ్మం తోరణం, మూడడుగులది: 6 గంటలు, ఖర్చు 210, ధర 1,100. గంటకి 148. కాకపోతే ఇది శ్రావణం నుంచి దీపావళి దాకా, మళ్లీ సంక్రాంతికి. ఫిబ్రవరిలో తోరణం అడిగినవాళ్లు నాకు నాలుగేళ్లలో ఇద్దరు.

మంగళగిరి కాటన్ రన్నర్, చుట్టూ మాత్రం క్రోషే అంచు: 6 గంటలు, గుడ్డ, టైలర్ కూలీ, దారం కలిపి 480, ధర 1,500. గంటకి 170.

చివరిది నా ఆలోచన కాదు, అమ్మమ్మది. ఆవిడ దిండు గలీబులకి అంచులే అల్లేది, గలీబు మొత్తం ఎప్పుడూ అల్లలేదు. చూసేవాళ్ల కన్ను అంచు మీదే పడుతుంది, గుడ్డ మీద పడదు. నేను ఏడాదిన్నర పాటు నిండా అల్లుతూ కూర్చుని, మెడ నొప్పి తెచ్చుకుని, ఆ తర్వాత అమ్మమ్మ పెట్టెలో పాత గలీబు చూసి నేర్చుకున్నాను. మీ కళలో కూడా ఇలాంటి "అంచు" ఒకటి ఉంటుంది. తక్కువ గంటల్లో ఎక్కువ కనిపించే భాగం. అది దొరికేదాకా ఉద్యోగం మానొద్దు.

ఈ అంచు పనిలో నేను రెండుసార్లు దెబ్బతిన్నాను. మంగళగిరి గుడ్డని ముందుగా తడిపి ఆరేయకుండా అంచు అల్లితే, కస్టమర్ మొదటిసారి ఉతికాక గుడ్డ ముడుచుకుని అంచు అలలు అలలుగా లేచింది. ఇంకోసారి మెరూన్ దారం రంగు దిగి మీగడ రంగు గుడ్డంతా గులాబీ అయ్యింది. రెండింటికీ డబ్బు వెనక్కిచ్చాను. ఇప్పుడు కొత్త లాట్ (ఒకేసారి రంగు వేసిన విడత) దారం రాగానే ఒక చిన్న చతురస్రం అల్లి, తెల్లగుడ్డతో కలిపి ఉతికి చూస్తాను. ఒక ఆర్డర్‌కి సరిపడా దారం ఒకే లాట్‌లో కొంటాను, ఎందుకంటే లాట్ మారితే అదే నంబరు రంగు కూడా కొంచెం తేడా వస్తుంది. వేడిగిన్నెల కింద పెట్టే మ్యాట్లు యాక్రిలిక్ ఊలుతో ఎప్పుడూ చేయకండి, వేడికి కరుగుతుంది. కాటన్ ఒక్కటే.

దారులు: ఒక్కో ఆర్డర్ ఎంత టైము తింటుంది

చాలామంది దారుల్ని కమిషన్ చూసి పోలుస్తారు. ఇన్‌స్టాలో కమిషన్ లేదు, బొటిక్ 40 శాతం తీసుకుంటుంది, కాబట్టి ఇన్‌స్టా మంచిది అంటారు. నేనూ అలాగే అనుకున్నాను. టైమర్ వేరేలా చెప్పింది.

ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్‌లో ఒక ఆర్డర్ వెనక నాకు సగటున గంటన్నర పోతుంది. ఫోటో, రీల్, "ప్రైస్ ప్లీజ్" అని అడిగి మాయమైన వాళ్లకి జవాబులు, "ఇదే డిజైన్ కొంచెం లేత ఆకుపచ్చలో అవుతుందా అండీ", అడ్రస్, ప్యాకింగ్, కొరియర్ షాపు. 450 సెట్టుకీ అదే గంటన్నర, 1,500 రన్నర్‌కీ అదే గంటన్నర. ఆ గంటన్నర కలిపితే రన్నర్ గంటకి 170 నుంచి 136కి దిగుతుంది. ఫర్వాలేదు. కోస్టర్ల సెట్టు 142 నుంచి 89కి పడిపోతుంది. అదే వస్తువు, అదే ధర, దారి మారిందంతే.

అందుకే ఇన్‌స్టాలో వెయ్యి రూపాయల లోపు వస్తువులు నేను విడిగా అమ్మను. కోస్టర్లు కావాలంటే రన్నర్‌తో కలిపి ఇస్తాను. ఆర్డర్‌కి సగం అడ్వాన్స్, క్యాష్ ఆన్ డెలివరీ లేదు. కస్టమ్ రంగు అంటే 200 అదనం, ఒకసారి అల్లడం మొదలుపెట్టాక మార్పు లేదు. ఇవన్నీ పేజీ పైనే రాసి పెట్టాను. మొదట్లో "పొగరు" అనుకుంటారేమోనని టెన్షన్ పడ్డాను. ఆర్డర్లు తగ్గలేదు, మెసేజ్‌లు తగ్గాయి.

కుషన్లు అమ్మేవాళ్లకి ఒక మాట. దూది నింపి పంపకండి, కవరు మాత్రమే అమ్మండి. కొరియర్ వాళ్లు బరువే కాదు, పెట్టె కొలత కూడా చూస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగించడం మామూలు పద్ధతి. 40 × 40 × 15 పెట్టె అంటే 4.8 కిలోల లెక్క. ఉత్త కవరు 300 గ్రాములు.

స్టాళ్ల సంగతి. ఇక్కడ కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే కొత్తవాళ్లు అందరూ ఇక్కడే మొదలుపెడతారు, ఇక్కడే సగం మంది నీరసపడతారు. అపార్ట్‌మెంటు క్లబ్‌హౌస్ మేళాల నుంచి శిల్పారామం దాకా రకరకాలు. నేను లెక్క వేసుకునేది ఇలా. రెండు రోజుల స్టాల్ అద్దె, ఆటో, తిండి కలిపి 6,500 అనుకోండి. వంద రూపాయల వస్తువులో ముడిసరుకు 35 పోతే మిగిలేది 65. అంటే 10,000 అమ్మితే అద్దె ఖర్చులు తీరతాయి. మీ అల్లికకి, రెండు రోజులు నిలబడ్డ కాళ్లకి ఇంకా పైసా రాలేదు. నేను బాగా అమ్మిన వారాంతాల్లో కూడా, నిలబడ్డ గంటలు కలిపితే గంటకి 80 దాటలేదు.

మరి ఎందుకు వెళ్తాను? మనుషులు వస్తువుని చేత్తో పట్టుకుని ఏమంటారో వినడానికి. "ఇది ఉతకొచ్చా?" అని వంద మంది అడిగితే, లేబుల్ మీద ఉతికే పద్ధతి రాయాలని అర్థం. ఒకావిడ కోస్టర్ తీసి తిరగేసి వెనక ముడి చూసింది. ఆవిడకి అల్లిక తెలుసు, అంతకంటే నిఖార్సైన పరీక్ష ఇంకోటి లేదు. ఇంకొకాయన ఆరు నెలల తర్వాత ఫోన్ చేసి కూతురి గృహప్రవేశానికి 60 కోస్టర్ల సెట్లు అడిగాడు. స్టాల్‌లో ఆయన కొన్నది ఒక్క తోరణం. స్టాల్ ఆదాయం స్టాల్‌లో రాదు, ఆ తర్వాత వస్తుంది. కాబట్టి ఏడాదికి మూడో నాలుగో చాలు. విజిటింగ్ కార్డు మాత్రం ప్రతి కవర్లో వేయండి.

నాంపల్లి నుమాయిష్‌లో స్టాల్ పెడదామా అని అడిగేవాళ్లుంటారు. 1938లో మొదలైన ఆ ఎగ్జిబిషన్ మామూలుగా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా, 46 రోజులు. ఒక్క చేత్తో అల్లేవాళ్లు 46 రోజులు స్టాల్‌లో ఉంటే అల్లేదెవరు? సరుకు నిల్వ, కూర్చోడానికి మనిషి ఉన్నవాళ్ల దారి అది.

అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, మీషో లాంటివి. అమెజాన్‌లో కారీగర్, ఫ్లిప్‌కార్ట్‌లో సమర్థ్ అని చేతివృత్తుల వాళ్ల కోసమే విభాగాలున్నాయి. మీషో అమ్మకందార్ల దగ్గర కమిషన్ తీసుకోదు, కానీ అక్కడికి వచ్చేవాళ్లు చవక కోసం వస్తారు. నేను ఒక చోట ఏడాది పెట్టి చూశాను. కోతలన్నీ పోగా 450 సెట్టుకి చేతికొచ్చింది 300 దగ్గర. అంటే గంటకి 82, రిటర్న్ రాకపోతే. రిటర్న్ వచ్చిన సెట్లలో రెండు టీ మరకలతో వచ్చాయి. ఒకే రకం వస్తువు నెలకి రెండొందలు చేయగలిగిన వాళ్లకి, అంటే అచ్చు పోసిన కొవ్వొత్తులు, బ్లాక్ ప్రింట్ కవర్లు, వాటికి ఈ దారి పనిచేస్తుంది. ప్రతిదీ చేత్తో అల్లేవాళ్లకి కాదు. ఇది నా ఖచ్చితమైన అభిప్రాయం.

ఎట్సీ వేరే కథ. అక్కడి కొనుగోలుదారుకి చేతిపని ధర తెలుసు. ఒక్కో వస్తువు పెట్టడానికి నాలుగు నెలలకి 0.20 డాలర్లు, అమ్మితే షిప్పింగ్‌తో కలిపిన ధర మీద 6.5 శాతం, పైన పేమెంట్ ఖర్చు. ఎగుమతి కాబట్టి ఐఈసీ కోడ్ (ఎగుమతి, దిగుమతులు చేసేవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే నంబరు) కావాలి. ఒకప్పుడు 800 డాలర్ల లోపు పార్సిల్‌కి అమెరికాలో సుంకం ఉండేది కాదు, 2025 ఆగస్టు 29 నుంచి ఆ మినహాయింపు పోయింది. 30 డాలర్ల తోరణానికి షిప్పింగు, పైన సుంకం అంటే కొనేవాళ్లు వెనకాడతారు. నా అమెరికా కస్టమర్లలో ఎక్కువమంది మన తెలుగువాళ్లే. వాళ్లు హైదరాబాద్‌లోనో భీమవరంలోనో ఉన్న అమ్మానాన్నల ఇంటికి పంపమంటారు, వెళ్లేటప్పుడు ఆవకాయ పక్కన ఆ తోరణం కూడా సూట్‌కేసులో చోటు చూసుకుంటుంది. దీనికి ఎట్సీ అక్కర్లేదు, వాట్సాప్ చాలు.

బొటిక్‌లు, హోమ్ డెకార్ షాపులు రెండు రకాలు. సరుకు అప్పుడే కొనేవాళ్లు, "అమ్ముడుపోతే డబ్బిస్తాం" అనేవాళ్లు. మొదటి రకం సగం ధర అడిగినా ఆలోచించండి. రెండో రకం 40 శాతమే అడిగినా జాగ్రత్త. ఒక షాపులో నా 14 వస్తువులు ఏడు నెలలున్నాయి. అద్దాల వెనక ఎండ తగిలి ఒక పక్క రంగు వెలిసిపోయి వెనక్కొచ్చాయి. కాగితం రాసుకోలేదు కాబట్టి అడిగే హక్కూ లేదు. 1,500 రన్నర్‌కి షాపు 600 తీసుకుంటే నాకు మిగిలేది గంటకి 70. అమ్మే శ్రమ సున్నా అన్నది నిజమే. అయినా 70 అంటే 70యే. షాపులకి ఇవ్వాలంటే మొదటి రోజు నుంచే షాపు వాటా కలిపి ధర వేయాలి. ఇన్‌స్టాలో 1,500, షాపులో 2,200 అని పెడితే మాత్రం షాపువాళ్లు మళ్లీ ముఖం చూడరు.

ఇక గృహప్రవేశాలు, సీమంతాల రిటర్న్ గిఫ్టులు, ఆఫీసుల దీపావళి ఆర్డర్లు. ఆ 60 సెట్ల ఆర్డర్ అన్నీ నేనే అల్లితే లెక్క ఎలా ఉంటుందో చూద్దాం. హోల్‌సేల్ కాబట్టి సెట్టు 380. ఖర్చులు పోగా 285 చొప్పున 17,100. అల్లిక 150 గంటలు, మాట్లాడటం, ఇచ్చిరావడం అన్నీ కలిపి 4. గంటకి 111. ఇన్‌స్టాలో 89 వచ్చిన వస్తువే, ధర తగ్గించి ఇచ్చినా 111 వస్తుంది. ఒకే సంభాషణలో 60 అమ్ముడుపోవడం అంటే అది.

అంటే చిన్న వస్తువులు గుత్తగా వెళ్లాలి, పెద్దవి విడివిడిగా వెళ్లాలి. నాకు ఇది అర్థం కావడానికి రెండేళ్లు పట్టింది.

ఉద్యోగం మానేయాలా

ఇప్పుడు అసలు లెక్క. ఇంట్లో ఉంటే రోజుకి ఎనిమిది గంటలు అల్లొచ్చు అనుకుంటారు. అల్లలేరు. మణికట్టు ఒప్పుకోదు, కళ్లు ఒప్పుకోవు. రోజుకి ఐదు గంటలే నిలకడగా నడిచేది, మిగతాది దారం కొనడం, ఫోటోలు, ప్యాకింగ్. ఐదు గంటలు, నెలకి 25 రోజులు, 125 గంటలు. మంచి వస్తువుకి గంటకి 150 వేసుకుంటే 18,750. అది కూడా అల్లినవన్నీ అమ్ముడుపోతే. నా స్కూలు జీతం 21,000, పైన పీఎఫ్.

ఇదే గోడ. రెండు చేతులతో మాత్రమే నడిచే వ్యాపారానికి పైకప్పు ఎంత ఎత్తో ఈ ఒక్క గుణింతం చెప్పేస్తుంది. ఎక్కువ కష్టపడితే దాటే గోడ కాదిది. దాటాలంటే మూడే మార్గాలు: గంట విలువ పెంచుకోవడం, వేరే చేతులు కలుపుకోవడం, అల్లిక కాక నేర్పడం అమ్మడం.

నేర్పడం గురించి చాలామంది చిన్నచూపు చూస్తారు. శనివారం ఆరుగురికి క్లాసు, తలకి 1,200 అంటే 7,200. కిట్లకి 1,500, హాలు అద్దె 1,500 పోతే 4,200. క్లాసు నాలుగు గంటలు, ముందు తయారీ మూడు. గంటకి 600. నెలకి రెండు క్లాసులంటే 8,400. నా ఇంటి అద్దెలో సగం పైగా అక్కడినుంచే వస్తుంది. "నేర్పితే పోటీ పెరగదా" అని అడిగింది మా వదిన. నేర్చుకున్న వందమందిలో అమ్మేదాకా వచ్చింది ఇద్దరు. మిగతావాళ్లు ఒక కోస్టర్ అల్లి, ఎంత కష్టమో తెలుసుకుని, నా దగ్గర కొంటున్నారు.

కాబట్టి ఎవరికి ఏది? ఇంట్లో ఇంకో స్థిరమైన జీతం ఉండి, ఆరు నెలలు టైమర్ పుస్తకం రాసి, కనీసం ఒక వస్తువుకి అమ్మే గంటలతో సహా గంటకి 130 పైన వస్తుంటే మానేయొచ్చు. ఆ ఆరు నెలల్లో ఒక పండగ సీజన్, ఒక ఎండాకాలం రెండూ ఉండాలి. అక్టోబర్ ఆర్డర్లు మాత్రమే చూసి రాజీనామా చేసినవాళ్లని ఇద్దర్ని చూశాను. ఇల్లు మీ ఒక్క జీతం మీదే నడుస్తుంటే మానొద్దు. అంచు రన్నర్లు రెండు, తోరణాలు సీజన్లో, నెలకో క్లాసు. ఇది ఉద్యోగంతో పాటు నడుస్తుంది. పిల్లలు చిన్నవాళ్లై మీరు ఇప్పటికే ఇంట్లో ఉంటే స్టాళ్లు వద్దు, గుత్త ఆర్డర్లు పట్టుకోండి, డెలివరీ తేదీ ఒక్కటే ఉంటుంది కాబట్టి పిల్లాడికి జ్వరం వచ్చినా సర్దుకోవచ్చు. మాటకారితనం ఉండి చేయి నెమ్మది అయితే, మొహమాటం లేకుండా క్లాసుల మీదే నిలబడండి.

అప్పు చేసి మొదలుపెట్టమని నేను చెప్పను. ముద్రా శిశు రుణం 50,000 దాకా ఇస్తారు, కుట్టుమిషన్ లాంటిదానికైతే అర్థముంది. దారం నిల్వ చేసుకోవడానికి మాత్రం వద్దు, రంగుల ఫ్యాషన్ మారిపోతుంది. చేతివృత్తుల వాళ్ల కోసం ఉన్న కేంద్ర పథకం పీఎం విశ్వకర్మ గురించి కూడా అడుగుతుంటారు. అందులో ఉన్న 18 వృత్తుల్లో దర్జీ ఉంది గానీ క్రోషే లేదు.

కాగితాల పని అనుకున్నంత లేదు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాల నమోదు) ఆధార్‌తో ప్రభుత్వ సైట్‌లో ఉచితం. డబ్బు అడిగే సైట్ కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదు. జీఎస్టీలో మన రెండు రాష్ట్రాల పరిమితి ఒకటి కాదు. సరుకు అమ్మేవాళ్లకి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షల టర్నోవర్ దాకా, తెలంగాణలో 20 లక్షల దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. వేరే రాష్ట్రానికి అమ్మితే మామూలుగా మొదటి రూపాయి నుంచే కావాలి. అయితే ప్రభుత్వ జాబితాలో ఉన్న చేతివృత్తి వస్తువులకి మినహాయింపు ఉంది, దానికి పాన్ ఉండాలి, విలువ ఎంత తక్కువైనా ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీసే పత్రం) తీయాలి. బెంగళూరు ఆర్డర్ ఒప్పుకునే ముందు మీ వస్తువు ఆ జాబితాలో ఉందో లేదో ఆడిటర్‌ని ఒకసారి అడగండి. ఆన్‌లైన్ మార్కెట్‌లలో రిజిస్ట్రేషన్ లేని చిన్నవాళ్లు సొంత రాష్ట్రంలో అమ్ముకోవడానికి 2023 అక్టోబర్ 1 నుంచి వీలిచ్చారు, పోర్టల్‌లో నమోదు నంబరు తీసుకుంటే చాలు.

వేరే చేతులు

నిజానికి ఆ 60 సెట్లు నేను అల్లలేదు. పాలకొల్లులో అమ్మమ్మకి తెలిసిన ఇద్దరికి పంచాను. ఇక్కడే నా పుస్తకంలో కష్టమైన పేజీ ఉంది. వాళ్లకి గంటకి 70 లెక్కన సెట్టుకి 175 ఇచ్చాను. 285లో నాకు మిగిలింది 110. మొత్తం 6,600, నా గంటలు పదిహేను. గంటకి 440. నేను అల్లితే 111, వాళ్లచేత అల్లిస్తే 440.

ఆర్డర్ తెచ్చింది నేను, దారం నాది, చెడితే నష్టం నాది. అన్నీ నిజమే. నర్సాపురం ఎగుమతిదారులు కూడా సరిగ్గా ఇవే మాటలు చెప్పి ఉంటారు. వేరే చేతులు కలుపుకునే దారి ఎంచుకుంటే ఈ లెక్క మీ ముందుకీ వస్తుంది. నేను చేసుకున్న ఏర్పాటు ఇది. రేటు ముక్కకి కాదు, గంటకి కడతాను. కొత్త డిజైన్ ఏదైనా మొదట నేను అల్లి, టైమర్ అంకె వాళ్లకి చెప్పి, దాని మీద రేటు వేస్తాను.

మొన్న వినాయక చవితికి ముందు కొత్త తోరణం పంపాను, ఐదు గంటలని చెప్పి. నాలుగో రోజు వాళ్లలో పెద్దావిడ ఫోన్ చేసింది. "అమ్మాయ్, నువ్వు ఐదన్నావు గానీ ఆకు దగ్గర సూది తిరగడం లేదు. ఆరు పడుతోంది. మనవడి ఫోన్లో టైము పెట్టుకునే అల్లాను, రెండుసార్లు చూశాను." నేను మళ్లీ అల్లి చూసుకున్నాను. నాకు ఐదూ నలభై పట్టింది. ముక్కకి 70 పెంచాను, కస్టమర్ ధర 1,100 నుంచి 1,200 చేశాను. ఇద్దరు ఆర్డర్ వెనక్కి తీసుకున్నారు, పదకొండు మంది ఉంచుకున్నారు.